లంకలో గూలిన మన సిపాయికి ఒక్క రాయి లేదా?

తైపూసము వచ్చినచో మదురలో తిరుమల నాయకుని విగ్రహమునకు పూలమాలలు వేయుదుము. అక్టోబరు 16 వచ్చినచో, 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మనను తలచుకొందుము. ఆ రెండును చేయదగిన పనులే. మేమును ఆ సభలలో కూర్చున్నవారమే, ఉపన్యాసములను శ్రద్ధతో వినినవారమే. అయితే రెండు మూడు వందల యేండ్ల నాటి కోటలను, దండయాత్రలను గూర్చి గంటల తరబడి మాటలాడు మన పెద్దలలో ఒక్కరైనను, 1987 మొదలు 1990 వరకు లంకలో జరిగిన పోరునకు పోయి తిరిగి రాని పడుచు సిపాయిని గూర్చి ఒక్క మాట పలుకగా మేము వినలేదు. రాజునకు మహలు మిగిలినది. పాలెగానికి స్మారకము వెలసినది. తుపాకి మోసికొని కాలినడకన పోయి చచ్చిన పదాతికి మన వీధులలో ఒక్క రాయి లేదు. ఇది మరపు కాదు. తెలిసి వహించిన మౌనమని మేము నిందించుచున్నాము. ఆ మౌనమునకు మన పెద్దలు చెప్పు కారణములు ఎంతవరకు నిలుచునో విచారించుట ఈ వ్యాసము పని.

ముందుగా ఆ యుద్ధము ఎట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొందము. నేటి యువకులలో పలువురికి దాని పేరైనను తెలియదు. లంకలో సింహళ తమిళ వర్గముల నడుమ చిరకాలముగా రగులుచుండిన వైరము 1983 జూలైలో కొలంబో వీధులలో తమిళుల ఊచకోతగా పరిణమించి అంతర్యుద్ధమునకు దారి తీసినది. 1987 జూలై 29న రాజీవ్ గాంధీయు, లంకాధ్యక్షుడు జయవర్ధనేయు కొలంబోలో ఒడంబడికపై వ్రాలు చేసిరి. పోరాడువారిచే ఆయుధములను అప్పగింపజేసి శాంతిని నెలకొల్పుటకై మన సైన్యము శాంతి పరిరక్షక దళమను పేర సముద్రము దాటినది. జాఫ్నా తమిళులు మొదట ఆ దళమునకు పూలతో స్వాగతమిచ్చిరి. మూడు నెలలైనను నిండకముందే, అక్టోబరులో, ఆ సైన్యమునకును విడుదల పులులకును యుద్ధము మొదలైనది. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయపు ఆవరణలో హెలికాప్టర్లనుండి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫెంట్రీ జవానులు ముప్పదిమందిలో ఇరువది తొమ్మిదిమంది మరునాటికి మడిసిరి, ఒక్కడు పట్టుబడినాడు. నవంబరు 25న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ పోరులో ప్రాణము విడిచి పరమవీర చక్రమును పొందెను. ఈ విధముగా రెండేండ్ల ఎనిమిది నెలలు గడచిన పిదప, 1990 మార్చి 24న, మన చివరి దళము తిరుకోణమలను విడిచి వచ్చినది. మన సైనికులు 1,100 మందికి పైగా ఆ ద్వీపమున మరణించిరి.

ఆ పోరులో మద్రాసు రెజిమెంటు పటాలములును పాల్గొనినవి. ఆ రెజిమెంటు మనకు దూరమైనది కాదు. కోయంబత్తూరు విడిచి, మెట్టుపాళయము దాటి, నీలగిరి ఘాటు రోడ్డెక్కినచో కూనూరు చెంత వెల్లింగ్టనులో దాని కేంద్రము కలదు. 1758 నాటి మూలములు గల ఆ రెజిమెంటులో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ దేశముల కుర్రవాండ్రు ఒకే పంక్తిలో నిలిచి కవాతు నేర్చుకొందురు. మన పల్లెల కుర్రవాడు అచ్చట చేరినచో, ఇంట తెలుగు, బజారులో తమిళము, పటాలములో హిందీ పలుకును. ఈ మూడు భాషల సంగతి చిన్నదిగా తోచవచ్చును. కాని జాఫ్నా వీధిలో కాపలా నిలిచిన ఉత్తరాది జవానునకు ఎదుటి ముసలితల్లి ఏడ్పు వట్టి ధ్వనియే. మనవానికి అది మాట. ఆమె తిట్టిన తిట్టు, పెట్టిన శాపనార్థము, బిడ్డ పేరు చెప్పి చేసిన ఆక్రందన, అన్నియు వానికి అర్థమగును. తన ఊరి అంగడిలో వినిన భాషలోనే తనను శత్రువని పిలుచుచుండగా వినుచు, ఇరువదేండ్ల ప్రాయపు బాలుడు ఇసుకమూటల వెనుక రేయి గడుపవలసివచ్చినది. ఆ యుద్ధములో మనవాని భారము ఇతరుల భారముకంటె వేరైనదని మేము చెప్పుటకు కారణమిది.

చచ్చినవాని దేహము ఊరికి చేరుటయు నాడు అరుదు. వీరుని శవపేటిక జెండా కప్పుకొని స్వగ్రామమునకు వచ్చుట, ఊరంతయు కూడి సాగనంపుట, 1999 కార్గిల్ యుద్ధము నుండి స్థిరపడిన ఆచారము. అంతకు పూర్వము తరచుగా పోరు జరిగిన చోటనే దహనము చేసి, ఇంటికి కబురు పంపుచుండిరి. శవము లేదు గనుక ఊరేగింపు లేదు. ఊరేగింపు లేదు గనుక ఊరు చూడలేదు. ఊరు చూడలేదు గనుక సమాధి లేదు, రాయి లేదు. ఇంటి గోడ మీద ఒక పటము, పెట్టె అడుగున కొన్ని కాగితములు, తల్లి కడుపులో ఒక నిప్పు మాత్రము మిగిలినవి.

బ్రతికి వచ్చినవారికైనను ఏమి దక్కినది? 1990లో ఆ దళములు మద్రాసు రేవున దిగినప్పుడు నాటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతమునకు పోలేదు. తమిళులను చంపిన సైన్యమునకు తాను స్వాగతమీయజాలనని ఆయన అభిప్రాయము. ఆ అభిప్రాయము ఆయన యొక్కనిదే కాదు. నాడు ఈ రాష్ట్రమున లక్షలాది ప్రజల మనస్సు అదియే. ఆ మనస్సును మేము ఎగతాళి చేయము. అయితే మరియొక సంగతి. అదే 1990లో వేలూరులో ముత్తు మండపము వెలసినది. కండి రాజ్యమును చివర నేలిన శ్రీ విక్రమ రాజసింహుని సమాధి మీద కట్టిన స్మారకమది. మదుర నాయకుల సంబంధమున లంక సింహాసన మెక్కిన వంశములో చివరివాడతడు. ఆంగ్లేయులు 1815లో రాజ్యభ్రష్టుని జేసి తెచ్చి వేలూరులో నుంచగా, 1832లో అచ్చటనే కన్ను మూసెను. ఆ మండపము కట్టుట మంచి పని. కాని చూడుడు: లంకనుండి వచ్చి మన గడ్డ మీద చచ్చిన రాజునకు రాయి దొరికిన యేడే, మన గడ్డనుండి పోయి లంకలో చచ్చిన సిపాయికి నోటి మాటయు దొరకలేదు. ప్రభుత్వము మండపము కట్టినది గనుక ఆ రాజును మన సభలలో స్మరించుచున్నారు. సిపాయిని ఎవరును స్మరింపలేదు గనుక మన సంఘములును స్మరింపవు. మన స్మృతికి మనము యజమానులము కామా?

ఇట్టి చావును స్మరించు విధము మనకు తెలియనిదైనచో ఈ మౌనమును మన్నింపవచ్చును. కాని అన్నదమ్ముల పోరులో చచ్చిన పడుచువానిని తలచుట తెలుగు జాతికి తెలిసినంత మరియొకరికి తెలియదు. పలనాటిలో 12వ శతాబ్దమున జరిగినదేమి? గురజాల నలగాముడు, మాచెర్ల మలిదేవుడు ఒక తండ్రి బిడ్డలు. వారి వైరములో కారెంపూడి రణరంగమున చచ్చినవాడు బాలచంద్రుడు. నిన్నటివరకు బొంగరమాడిన కుర్రవాడు. తండ్రి బ్రహ్మనాయుడు సంధిని కోరినవాడు. తల్లి ఐతాంబ కొడుకును యుద్ధము వంకకు పోనీయక కాపాడచూచినది. అయినను కుర్రవాడు పోయెను, పడెను. ఎనిమిది వందల యేండ్లు గడచినవి. నేటికిని కార్తీక అమావాస్య నుండి అయిదు దినములు కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరుల గుడి వద్ద ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరాచారవంతులు తమ తమ ఊళ్లనుండి వీరుల కొణతములను మోసికొని వత్తురు.

ఆ ఉత్సవము యుద్ధమును పొగడునది కాదు. రాయబారమునకొక దినము, కోడిపందెమునకొక దినము కేటాయించినవారు ఆ యుద్ధము ఎట్లు వచ్చినదో, ఎచ్చట ఆపవచ్చునో, ఎవరి పంతమున ఆపలేకపోయిరో ప్రతి యేడును జనులకు చూపుచున్నారు. నాశనమును నాశనమనియే చెప్పుచు, అందులో పడిన బాలుని మాత్రము విడువలేదు. యుద్ధమునకు తీర్పు వేరు, చచ్చినవానికి దీపము వేరు అను వివేకము మన పల్లెజనులకు పుస్తకములు చదువక మునుపే కలదు. విద్యావంతులమని చెప్పుకొను మన సంఘముల పెద్దలకు అది లేకపోయినది.

ఇక వారి ఆక్షేపణలను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది: "ఆ యుద్ధము పొరపాటు, పొరపాటు యుద్ధములో చచ్చినవానిని ఎట్లు గౌరవింతుము?" ఆ యుద్ధము పొరపాటని చెప్పువారితో మేము వాదమునకు దిగము. శాంతి నిలుపుటకు పోయినవారు ఒక పక్షముతో పోరునకు దిగుట, సింహళ ప్రభుత్వమే తరువాత పొండని చెప్పుట, తమిళ ప్రజలు పగబట్టుట, ఇన్ని జరిగిన కార్యమును విజయమని ఎవరు పలుకగలరు? కాని ఒడంబడికపై వ్రాలు చేసినది సిపాయి కాదు. ఓడ ఎక్కవలెనా వద్దా యని వానినెవరును అడుగలేదు. ఢిల్లీలో, కొలంబోలో చేసిన లెక్క తప్పినచో దాని అప్పు పల్లెలోని తల్లి యేల తీర్చవలెను? తప్పు చేసిన పెద్దల పేర్లు రోడ్లకును, భవనములకును ఉండగా, ఆ తప్పునకు బలియైన కుర్రవాని పేరు మాత్రము రాతి మీద నుండరాదనుట ఎక్కడి న్యాయము?

రెండవది, మన వారు గొంతు తగ్గించి చెప్పునది: "ఇరుగు పొరుగు తమిళులు నొచ్చుకొందురు. మనము ఇచ్చట అల్పసంఖ్యాకులము. ఊరుకొనుటయే మేలు." ఈ మాట మాకు మిక్కిలి బాధ కలిగించినది, ఏలయన, ఇది భయమును మర్యాదయను ముసుగులో దాచుచున్నది. మనము ఈ గడ్డ మీద నిన్న దిగినవారము కాము. ఉడుమలైపేటలో, పొల్లాచ్చిలో, తిరుమంగళములో, బోడినాయకనూరులో మన తాతముత్తాతలు చెరువులు త్రవ్వి, పత్తి పండించి, మగ్గములు నడిపి, తమిళుల సుఖదుఃఖములలో పాలుపంచుకొని బ్రతికిరి. అట్టివారు తమ చచ్చిన బిడ్డను తలచుటకు పొరుగువాని అనుమతికై ఎదురుచూచుట పొరుగువానికే అవమానము. అతడంత క్రూరుడని మనము తీర్మానించినట్లగును.

పైగా వీరునికి రాయి నాటుట తమిళునకు మనకంటె తక్కువ తెలిసినది కాదు. మనము వీరగల్లు అందుము, వారు నడుకల్ అందురు. మదురకు చేరువనున్న తేని జిల్లా పులిమాన్‌కోంబైలో 2006లో బయల్పడిన శిలలు తమిళ బ్రాహ్మీ లిపిలో వ్రాతగల అతి ప్రాచీన వీరశిలలు. పశువుల మందలకై జరిగిన పోరులో చచ్చినవారి పేర నిలిపినవి. రాతిని వెదకుట మొదలు నిలిపిన రాతిని స్తుతించుట వరకు ఆరు దశలను తొల్కాప్పియము చెప్పుచున్నది. రెండు భాషలవారును చచ్చిన పల్లె కాపరికి రాయి నిలిపినవారే. ఆ రాయి యెదుట తమిళుడు చెప్పు విడుచును గాని చెయ్యి యెత్తడు.

అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. 2009 మే నెలలో లంకాయుద్ధము ముగిసినది. చివరి నెలలలో వేలకు వేలుగా తమిళ ప్రజలు చచ్చిరి. నలువది వేల వరకు చచ్చియుండవచ్చునని ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల సంఘము 2011లో పేర్కొనినది. ఆ యుద్ధములో పడిన తమిళ యువకుల సమాధి వాటికలను లంక సైన్యము చదును చేసినది. ఏ పక్షముననైనను పోరాడియుండనిండు, బిడ్డ పేరున్న రాతిని పోగొట్టుకొనిన తల్లికి, బిడ్డ పేరున రాయియే చూడని తల్లి దుఃఖము తెలియకుండునా? ఈ ఇద్దరు తల్లుల నడుమ పగను ఊహించుచున్నది మన పిరికితనమే.

మూడవ ఆక్షేపణ బరువైనది. "ఆ సైన్యము చేసిన అకృత్యముల మాటేమి?" దీనిని తప్పించుకొని పోవుట మాకిష్టము లేదు. 1987 అక్టోబరు 21, 22 తేదీలలో మన సైనికులు జాఫ్నా ఆసుపత్రిలో చొరబడి కాల్పులు జరుపగా వైద్యులు, నర్సులు, రోగులు అరువదికి పైగా చచ్చిరి. శాంతి దళమను పేరు మీద పడిన ఆ నెత్తురు మరక కడిగినను పోదు. చచ్చిన సిపాయిలందరును నిర్దోషులని మేము చెప్పము. కాని దోషములను నిర్ణయించుటకు విచారణ కావలెను. పేర్లను మాపివేసినచో విచారణ ఎవరిమీద? మౌనము నిరపరాధికి గౌరవమును ఎగనామము పెట్టుచున్నది, అపరాధిని కాపాడుచున్నది, చచ్చిన రోగులకు న్యాయమును చేయుట లేదు. ఆసుపత్రి సంగతి చెప్పనిదే సిపాయి సంగతి చెప్పరాదన్నచో, రెండును చెప్పుదము. రెండును చెప్పకుండుటకు అది సాకు కానేరదు. అందుచేతనే మేము కోరు రాతి మీద జయఘోషలు ఉండరాదని ముందే చెప్పుచున్నాము.

నాలుగవది సోమరుల మాట: "ప్రభుత్వము చేసినది చాలును." ఏమి చేసినది? ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకము తెరువబడినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప చచ్చిన సైనికుల పేర్లు ఇరువది అయిదు వేలకు పైగా అచ్చట రాతి పలకలపై చెక్కియున్నవి; లంకలో పడినవారి పేర్లును అందున్నవి. సంతోషము. కాని అంతకు ఎన్నో యేండ్ల ముందే, మన సైన్యమును పొమ్మన్న ఆ లంకలోనే, కొలంబో చెంత బత్తరముల్లలో నల్లరాతి గోడ మీద ఆ పేర్లు వెలసినవి. పొమ్మన్నవారు పేరు చెక్కిరి. పంపినవారు ముప్పదేండ్లు ఆలోచించిరి. కన్న ఊరు ఇంకను ఆలోచించుటకే మొదలిడలేదు. పెరియకుళములోని ముసలితల్లి ఢిల్లీకి పోయి ఇరువది అయిదు వేల పేర్లలో తన కొడుకు పేరు వెదకగలదా? పేరు తల్లి నడిచిపోగల దూరములో నుండవలెను.

పల్లెలలో రాళ్లు లేకపోలేదు. 1914–1919 మహాయుద్ధమునకు ఈ గ్రామమునుండి ఇంతమంది పోయిరి, అందు ఇంతమంది ప్రాణములు విడిచిరి యని ఆంగ్ల ప్రభుత్వము నాటి చెన్నరాజధాని పల్లెలలో పెక్కుచోట్ల పలకలు నిలిపినది. వానిలో అంకె కలదు, పేరు లేదు. పరాయి ప్రభుత్వమునకు సిపాయి ఒక అంకె, ఆశ్చర్యము లేదు. కాని ఆ పరాయివాడు అంకెయైనను చెక్కించెను. లంకకు పోయినవారి విషయములో మన సంఘములు అంకెనైనను కూర్చలేదు. ఏ ఊరినుండి ఎవరు పోయిరి, ఎవరు రాలేదు అను పట్టికను తయారు చేయుట ఏ కార్యదర్శికిని తట్టలేదు. విందులకు చందా పట్టికలు మాత్రము తప్పక తయారగును.

పట్టిక యనగానే మరియొక ప్రశ్న వచ్చును. మన వారనగా ఎవరు? నాయుళ్ల వీధి, రెడ్ల వీధి, రాజుల వీధి, దేవాంగుల మగ్గముల వీధి, కంబళత్తు నాయకుల పల్లె, ఇంతవరకు లెక్కించి పట్టికను మూసివేయుదురేమో యని మా భయము. కోయంబత్తూరు, మదుర ప్రాంతములలో ఊరి చివర నివసించు అరుంధతీయులలో ఎన్నో కుటుంబములు ఇంట నేటికిని తెలుగే పలుకుచున్నవి. జనాభా లెక్కలలో తెలుగువారి సంఖ్యను పెంచి చూపవలసినప్పుడు వారు మన వారగుదురు. సభలో కుర్చీ వేయవలసినప్పుడు కారు. సిపాయిల లెక్కలోను ఈ వంచన జరిగినచో ఆ రాయి నిలుపకుండుటయే మేలు. తుపాకి గుండు వీధి పేరు అడిగి తగులలేదు. పలనాటి బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసునకు సేనాపత్య మిచ్చినవాడు. అన్ని కులములవారిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి చాపకూడు పెట్టినవాడు. మందపోరునాడు కారెంపూడిలో ఆ చాపకూడు నేటికిని సాగుచున్నది. బాలచంద్రుని పేరు చెప్పి మీసము దువ్వువారు ఆ చాప మీద కూర్చుండుటకు సిద్ధపడవలెను.

ఉత్తర హిందూస్థానములో ఒకప్పుడు కంపెనీ సిపాయికి 'తిలంగా' యని పేరు. తెలుగు దేశపు సిపాయిలనుబట్టి పుట్టిన మాట యది. 1857లో ఢిల్లీ జనులు తిరుగబడిన సిపాయిలను, వారిలో తెలుగువాడు లేకున్నను, ఆ పేరనే పిలిచిరి. మన జాతి పేరే పదాతికి పర్యాయపదమై దేశమంతట తిరిగినది. అట్టి జాతి తన పదాతిని మరచినదని చరిత్రలో వ్రాయించుకొనరాదు.

ఏమి చేయవలెనని అడుగువారికి మా మనవి యిది. ప్రతి ఊరి సంఘమును తన పరిధిలోని కుటుంబములన్నిటిని, అన్ని వీధులలోను, విచారించి, లంకలో మరణించిన సైనికుని పేరు, పటాలము, తేది, స్థలము వ్రాయించవలెను. కుటుంబమువద్దనున్న పింఛను కాగితములతోను, జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయపు దస్తరముతోను సరిచూడవలెను. కుటుంబము సమ్మతించినచోట ఒక రాయి నాటవలెను. దాని మీద పేరు తెలుగులోను తమిళములోను ఉండవలెను. రెండును సమానమైన అక్షరములలో ఉండవలెను. కులము పేరు వలదు. కక్షి జెండా వలదు. రాయి ఇచ్చిన దాత పేరు వలదు. పేరు క్రింద, ఆ యుద్ధములో లంకలో చచ్చిన సర్వజనులకును శాంతి కలుగుగాకయని ఒక్క పంక్తి యుండవలెను. కార్తీక అమావాస్యనాడు అచ్చట దీపము పెట్టి, సహపంక్తి భోజనము చేయవలెను. ఉపన్యాసము వలదు, ఆ కుటుంబమువారు మాటలాడదలచినచో వారిని మాటలాడనీయవలెను. ఒక సభకు కట్టు తోరణములకును, ఫ్లెక్సీలకును అగు వ్యయము ఇన్నింటికిని చాలును.

కాలము మన కొరకు ఆగదు. 1987లో ఇరువదేండ్లవాడు బ్రతికియుండినచో నేడు అరువదికి సమీపించియుండును, మనుమలను ఎత్తుకొనియుండును. వాని తల్లి ఎనుబదిని దాటుచున్నది. ఆమె పోయిన పిమ్మట ఎంత గొప్ప మండపము కట్టినను, దానిని తడిమి చూచు చేతులుండవు. కావున వచ్చు కార్తీకమునకు ముందే, మీ ఊరి పట్టిక ఎంత చిన్నదైనను, ఒక్క పేరే యున్నను, మాకు పంపుడు. కుటుంబము ఒప్పినచో ఈ పత్రిక మొదటి పుటలో దానిని అచ్చు వేయుదుము. పట్టిక పంపని సంఘములు తమకు తీరిక లేకపోయినదని వ్రాసినను అచ్చు వేయుదుము. చదువరులే తీర్పు చెప్పుదురు.